ఒక మణికట్టును వెతుక్కుంటూ హుకుంపేట సంతకు

అరకు వైపు వెళ్లేవాళ్లలో కొందరు మంచు కోసం వెళ్తారు, కొందరు కాఫీ కోసం, మరికొందరు పెళ్లికి ముందు తీయించుకునే ఫొటోల కోసం. నేను ఒక మగమనిషి ఎడమ మణికట్టు కోసం వెళ్లాను. ఆయన ముఖం నాకు తెలియదు, పేరు తెలియదు, ఊరు సగమే తెలుసు. తెలిసిందల్లా జానెడు చెయ్యి, దాని మీద పది రూపాయల బిళ్లకన్నా కాస్త పెద్ద గడియారం. ఇలాంటి ప్రయాణం మీరూ పెట్టుకోదలిస్తే పనికొస్తుందని దారినీ ఖర్చునూ మధ్యమధ్యలో చెబుతుంటాను. మనసు కుదుటపడే మాట కూడా ముందే చెప్పేస్తాను: చివరికి ఎవరికీ ఏమీ కాలేదు. కాబట్టి నా కంగారును మీరు నిర్భయంగా ఆనందించవచ్చు.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగు. అది మా నాన్నగారి కోరిక. పట్టా చేతికొచ్చింది, ఆయన కోరిక తీరింది, నేను ఖాళీ అయ్యాను. ఇప్పుడు విశాఖలో గడియారాల ముఖాలు గీస్తున్నాను. ముఖమంటే డయలు: గీతలూ అంకెలూ ఉండి, పైన ముళ్లు తిరిగే ఆ గుండ్రటి రేకు. పాతకాలపు పోకడలో కొత్త డయళ్లు గీసి అచ్చు వేయిస్తాను. దీనికి ముడిసరుకు సినిమాలు. లోకమంతా హీరోయిన్‌ను చూసే చోట నేను హీరో మణికట్టును చూస్తాను. నాలాంటి వాళ్లం కొందరం కలిసి ‘ముల్లోకాలు’ అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. గంటల ముల్లు, నిమిషాల ముల్లు, సెకన్ల ముల్లు అని మూడు లోకాలు. తెర మీద అరక్షణం మెరిసి మాయమైన గడియారం ఏ కాలం నాటిదో, ఏ దేశానిదో తేల్చడం మా దీక్ష. ఇందుకు మాకు ఎవరూ జీతం ఇవ్వరు, సంబంధాలు కూడా ఇవ్వరు.

అలాంటి నాకు మొన్న మాఘమాసంలో మొదటి అసలైన పని దొరికింది. ఒక వెబ్ సిరీస్ ఆర్ట్ డైరెక్టర్ గారు కొండ సంతల మీద ఎప్పుడో తీసిన డాక్యుమెంటరీ నుంచి ఒక బొమ్మ పట్టి పంపారు. పొద్దుటి మంచులో ఎవరో చేతితక్కెడ ఎత్తి పట్టుకుని ఏదో తూస్తున్నారు. తక్కెడ పట్టిన ఎడమ చేతికి గడియారం. ‘మా హీరోకి అచ్చం ఇదే కావాలి. బాగా వస్తే సిరీస్ మొత్తానికి గడియారాలు మీవే,’ అన్నారు. ఆ మాట విని మా నాన్నగారు కూడా మొదటిసారి నా ఉద్యోగాన్ని ఉద్యోగం అన్నారు. పోగొట్టుకోకూడని పని అంటే అదీ.

బొమ్మను గ్రూపులో పెట్టాను. మా గ్రూపులో అందరికన్నా పెద్దాయన ఒకరున్నారు, పీఠాధిపతి అని పిలుచుకుంటాం. ఆయన సిద్ధాంతం ‘ముందు చెయ్యి, తర్వాత డయలు’. తెర మీది మనిషి మనకు ఎదురుగా నిలబడి ఉంటాడు కాబట్టి, అతని గడియారం మనకు తలకిందులుగా కనిపిస్తుంది. అందుకని వేళ్లు ఎటున్నాయో, మోచెయ్యి ఎటుందో చూసి, బొమ్మను కట్టుకున్నవాడి వైపుకు తిప్పాకే డయలు చదవాలి. శాస్త్రోక్తంగా తిప్పాం. తిప్పాక చూస్తే అద్భుతం! సెకన్ల చిన్న గుండ్రం మామూలుగా కింద ఆరు దగ్గర ఉంటుంది, ఇందులో పైన పన్నెండు దగ్గర ఉంది. పన్నెండు దగ్గర ఉండాల్సిన జంట గీతలు ఆరు దగ్గర ఉన్నాయి. కీ ఇచ్చే బొడిపె కుడివైపు పోయి ఎడమవైపు వచ్చింది. ఇన్ని అరుదైన లక్షణాలు ఒకే గడియారంలో! అంకెలు లేవు గానీ కింది భాగంలో ఎర్రగా, గుండ్రగుండ్రగా అలుక్కుపోయిన అక్షరాలు ఉన్నాయి. పీఠాధిపతి రెండు రోజులు మౌనం పాటించి, అది జార్జియా దేశపు లిపి అని తేల్చారు. ఎడమచేతి వాటం వాళ్ల కోసం అక్కడ తయారైన గడియారం కొండల్లోకి ఎలా వచ్చిందో కూడా ఒక చరిత్ర చెప్పారు. మేం చప్పట్ల బొమ్మలు పెట్టాం. నేను భక్తితో డయలు గీసి, అచ్చు వేసే రమణయ్య గారికి పంపేశాను.

పంపాక టీ తాగుతూ, సొంత గొప్పతనాన్ని మరోసారి చూసుకుందామని బొమ్మ తెరిచాను. మేం తిప్పిన బొమ్మ ప్రకారం టైము మూడు నలభై. మూడు నలభై అయితే గంటల ముల్లు మూడును వదిలి నాలుగు దగ్గరకు వచ్చేయాలి. ఇదేమో మూడును ఆనుకుని కూర్చుంది. గ్రూపులో అడిగితే, ‘పాత గడియారం, ముల్లు వదులై ఉంటుంది’ అన్నారు పీఠాధిపతి. ఇన్ని వింతలున్న గడియారానికి ముల్లు కూడా వదులా? టీ చల్లారిపోయింది. రమణయ్య గారికి ఫోన్ చేస్తే, ‘నల్ల గీతల అచ్చు ప్లేటు రేపు మధ్యాహ్నం మూడింటికి చేస్తా. ఎర్ర అక్షరాల ప్లేటు ఆ తర్వాత. రేపు ఆపితే నీ వంతు మళ్లీ వచ్చే వారమే,’ అన్నారు. సిరీస్ వాళ్లకు డయళ్లు సోమవారం కావాలి. డాక్యుమెంటరీ చివర హుకుంపేట సంత అని ఉంది. ఆ సంత రేపే. దేవుడు అప్పుడప్పుడు ఇంజినీర్లను కూడా పట్టించుకుంటాడు.

విశాఖ నుంచి కిరండూల్ పాసింజరు పొద్దున్నే, ఏడు కాకముందే బయలుదేరుతుంది. వేళలు మారుతుంటాయి, ముందురోజు చూసుకోండి. అద్దాల పెట్టెకు వందల్లో అవుతుంది. జనరల్ పెట్టెలో యాభై రూపాయల లోపే, పైగా గాలి ఉచితం. కొత్తవలస దాటేదాకా నిలబడి, శృంగవరపుకోటలో కిటికీ సీటు సంపాదించాను. అక్కడి నుంచి రైలు కొండెక్కుతుంది. టైడా స్టేషన్లో ఒకావిడ ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్మింది, కొనండి. సొరంగాలు మొదలయ్యాక పిల్లలూ, పిల్లలుగా ఉండాలనుకునే పెద్దలూ చీకటి పడ్డప్పుడల్లా కేకలు వేస్తారు. నేనూ వేశాను. నా కేకలో మాత్రం నిజం ఉంది. బొర్రా గుహల దగ్గర పెట్టె సగం ఖాళీ అయింది. అరకులో దిగేసరికి పదకొండు కావస్తోంది.

అరకు నుంచి హుకుంపేటకు పాడేరు రోడ్డు మీద వెళ్లాలి. బస్సులున్నాయి గానీ సంత రోజున షేర్ జీపులే నయం, మనిషికి వంద తీసుకున్నారు. “బేగి ఎక్కు బాబూ, నువ్వెక్కితే కదిలిపోద్ది,” అన్నాడు డ్రైవరు సింహాద్రి. ఎక్కాను. కదల్లేదు. నా తర్వాత ఎక్కిన ఐదుగురికీ అదే మాట చెప్పాడు. చివరికి ఒక మేకపిల్ల కూడా ఎక్కాక కదిలాం.

“హుకుంపేటలో ఏటి పని? మేష్టరువా?”

“కాదు. ఒక గడియారం చూడాలి.”

“కొంతావా?”

“లేదు, చూసి వచ్చేస్తాను.”

సింహాద్రి గేరు మార్చి, ఒక మలుపు తిప్పి, ఆలోచించి అన్నాడు: “నాను ఎన్నేళ్లబట్టో ఈ రోడ్డు మీద తిప్పుతన్నాను. జలపాతం సూడ్డానికొచ్చినోల్లున్నారు, గుహలు సూడ్డానికొచ్చినోల్లున్నారు. టైం సూసుకోడానికి విశాపట్నం నుంచి వొచ్చినోడివి నువ్వే.”

జీపంతా నవ్వింది. మేక నవ్వలేదు, దాని సంస్కారం దానిది. రోడ్డుకు రెండు వైపులా వలిసె పంట కోసేసిన చేలు, దూరంగా సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు. ఇవన్నీ మీరు తీరిగ్గా చూడండి. నేను ఫోనులో రేకు బొమ్మనే చూస్తూ కూర్చున్నాను.

సంత నిండా ఉంది. అల్లం, పసుపు కొమ్ములు, చీపుళ్లు, ఎండు చేపలు, కోళ్లు, ప్లాస్టిక్ బిందెలు. భోజనానికి ఒక పాకలో ఆగితే, విస్తట్లో అన్నం, పప్పు, గ్లాసుడు రాగి అంబలి కలిపి అరవై రూపాయలు. వండినావిడ, “నువ్వు తినవేటి, దిక్కులు సూస్తన్నావు?” అని రెండుసార్లు కసిరింది. ఏజెన్సీలో అందరూ అందర్నీ ‘నువ్వు’ అంటారు. కలెక్టరు వచ్చినా అంతేనట. ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది, తిట్లతో సహా.

అప్పటికే రెండు దాటింది. ఎవర్ని అడగాలో తెలియక, రాజ్మా గింజలు రాశి పోసుకుని కూర్చున్న ఒకావిడకు ఫోను చూపించి, “అమ్మా, ఈయన తెలుసా?” అన్నాను. ఆవిడ బొమ్మ చూసి, నన్ను చూసి, పక్కావిడను పిలిచింది.

“ఓలమ్మా, ఇటు సూడు! సెయ్యి సూపించి మడిసినడుగుతున్నాడీ గుంటడు.”

“మొకం నేదేటి?” అంది పక్కావిడ.

“నేదు. సెయ్యే.” ఆవిడ ఫోనును మళ్లీ దగ్గరకు లాక్కుంది. “ఉండుండు. ఈ గడేరం మన సోమన్నది కాదేటి? మిరియాల సోమన్న. అల్లదిగో, ఉప్పు కొట్టు పక్కన.”

“గడియారం చూసి ఎలా పోల్చావమ్మా?”

“పోల్చడమేటి? సంత కొచ్చినపుడల్లా నాను దాన్లోనే టైం సూసుకుంటాను.”

“ఆయన చేతి గడియారంలో నువ్వు చూసుకుంటావా?”

“మరెవులు సూసుకుంటారు?”

ఈ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం కాకుండానే ఉప్పు కొట్టు వైపు పరిగెత్తాను.

సోమన్నకు అరవై దాటి ఉంటాయి. మీసానికి మాత్రం రంగు దయవల్ల ముప్పై దాటలేదు. ముందు మిరియాల బస్తా, ఎడమ చేత్తో తక్కెడ గడ్డం ఎత్తుకు లేపి, కుడి చేత్తో గింజలు పోస్తున్నాడు. మోచెయ్యి పక్కకు, మణికట్టు అడ్డంగా ఛాతీ ముందు. సరిగ్గా బొమ్మలో ఉన్నట్టే. నేను కొనేవాళ్లలో దూరి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఎదురుగా, నా కళ్ల ముందు, ఆ గడియారం.

సెకన్ల గుండ్రం కిందే ఉంది. జంట గీతలు పైనే ఉన్నాయి. బొడిపె కుడివైపే ఉంది. టైము రెండూ ఇరవై, గంటల ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. పైన ఎర్ర రంగుతో, గుండ్రటి జార్జియా లిపిలో ఇలా రాసి ఉంది: సోమన్న.

“మిరియాలెంత గావాల?” అన్నాడు ఆయన.

“మిరియాలు కాదు, మీ గడియారం...”

“టైమా? సూసుకో. నన్నడక్కు. అందుకే అలా కట్టుకున్నాను.”

“అంటే తిరగేసి కట్టుకున్నారా?”

“నాకు తిరగేసి. నీకు తిన్నగా.” చుట్టూ ఉన్నవాళ్లను చూసి కన్ను కొట్టాడు. తన గురించి చెప్పుకోమంటే మొహమాటపడే మనిషి కాదని అర్థమైంది. “మొదట్లో నా ఏపే కట్టుకునీవోణ్ణి. మూడింటికి జీపులెల్లిపోతాయి గదా, తక్కెడెత్తేసరికి ‘సోమన్నా టైమెంత, సోమన్నా టైమెంత’ అని ఒకటే గోల. సెయ్యి తిప్పితే తూకం పోద్ది. తిప్పకపోతే మరియాద పోద్ది. ఆలోసించి గడేరాన్నే తిప్పీసినాను. ఎదటోడి టైం ఎదటోడికి, నా తూకం నాకు.”

“మరి మీకు టైం ఎలా తెలుస్తుంది?”

“నాకెందుకు? నీలాటోడు కంగారు మొకంతో పరిగెట్టుకొచ్చాడంటే మూడు కావస్తన్నట్టు.”

“మరి ఆ పేరు?”

“పాత రేకులోకి పసుపు దూరీసి ముసలోడి పన్నులాగైపోనాది. పాడేరులో బాగుసేసీవోడు మల్లీ రంగులేసి, ‘కంపెనీ పేరు సెరిగిపోనాది, ఏటి రాయమంటావు’ అన్నాడు. గడేరం నాది, సెయ్యి నాది, మద్దిన కంపెనీవోడెవడు? నా పేరే రాయమన్నాను.”

నేను అక్కడే, మిరియాల ఘాటులో, జ్ఞానోదయం పొందాను. డాక్యుమెంటరీ తీసినవాడు కొనేవాడి చోట నిలబడి తీశాడు. బొమ్మ మొదటినుంచీ తిన్నగానే ఉంది. గడియారాల గురించి ఏమీ తెలియని మనిషి ఎవరు చూసినా తొమ్మిదీ పది అయిందని చదువుకుని పోయేవాడు. మేం నిపుణులం కాబట్టి తలకిందులు చేసుకుని, జార్జియా దాకా వెళ్లాం.

ఫోను తీస్తే సిగ్నల్ లేదు. సంత రోజున సిగ్నలు కూడా జనంలాగే ఇరుక్కుపోతుంది. నా ముఖం చూసి సోమన్న తక్కెడతోనే దారి చూపించాడు: “సర్చి మెట్ల కాడ కెల్లు. అక్కడందుకుంటాది.” పరిగెత్తాను. చర్చి మెట్ల మీద అప్పటికే పది మంది ఫోన్లలో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. నా గోల ఎవరికీ వింతగా అనిపించలేదు.

“రమణయ్య గారూ, ఆపండి! డయలు తలకిందులుగా గీశాను!”

“నల్ల ప్లేటు అయిపోయింది బాబూ,” అన్నారాయన ప్రశాంతంగా. “నువ్వు నిన్న కంగారుపడ్డావు కదా పాపం అని, భోజనానికి ముందే చేసి పెట్టాను.”

జీవితంలో నాకు ఎవరైనా చేసిన మేలుల్లో అంత గట్టిగా తగిలింది మరొకటి లేదు. మెట్టు మీద కూలబడి వివరించాను. పైనున్న గుండ్రం కిందికి రావాలి, కిందున్న జంట గీతలు పైకి వెళ్లాలి, ఎడమనున్న బొడిపె కుడికి రావాలి, నా పని పోయింది, మా నాన్నగారికి ఏం చెప్పాలి, అని వరసగా ఏకరువు పెట్టాను.

“ఆగు ఆగు,” అన్నారు రమణయ్య గారు. “పైది కిందికి, కిందది పైకి, ఎడమది కుడికి. అంతేనా?”

“అంతేనండీ.”

“అంటే ప్లేటును అర చుట్టు తిప్పి పెట్టమంటావు.”

పక్క మెట్టు మీద ఎవరో ఫోనులో కోడిపుంజు ధర గురించి పోట్లాడుతున్నారు. ఆకాశం నీలంగా ఉంది. నాలుగేళ్ల ఇంజినీరింగు చదువు నా కళ్ల ముందు నుంచి తల దించుకుని వెళ్లిపోయింది.

“తిప్పితే సరిపోతుందాండీ?”

“గుండ్రటిదే కదా బాబూ. అది ఎటు తిప్పినా ఒకటే. అచ్చు పడే రేకులూ అలాగే తిప్పి పెడతాను. ఆ ఎర్ర జిలేబీలు మాత్రం ఇంకా ముట్టుకోలేదు. అవి ఏ భాష?”

“తెలుగండీ,” అన్నాను. “సాయంత్రానికి పంపిస్తాను.”

మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలిపోయింది. ఎదురొచ్చిన ప్రతివాళ్లకూ దండం పెట్టాలనిపించింది, ఇద్దరికి పెట్టాను కూడా. సోమన్న దగ్గరకు తిరిగి వెళ్లి అసలు సంగతి చెప్పాను: ఆయన గడియారం లాంటిది ఒక హీరో చేతికి పెడుతున్నారని, పేరు కూడా అలాగే ఉంచితే ఆయనకు సమ్మతమేనా అని.

“ఈరో పేరేటి?”

“రఘు అనుకుంటాను.”

“రఘు సేతికి సోమన్న అని ఎందుకుంటాది?”

ముల్లోకాల్లో ఎవరికీ తట్టని ప్రశ్న. “వాళ్ల తాతగారిదని కథలో రాసుకుంటారులెండి,” అన్నాను తడుముకుని.

సోమన్న మీసం దువ్వుకున్నాడు. తాత కావడం ఆయనకు నచ్చలేదు. కాసేపు తక్కెడ ఊపి, చివరికి ఒప్పుకున్నాడు. “సరే, రాయమను. కానీ ఆ తాతని మంచోడిగా రాయాల. తూకంలో మోసం సెయ్యనోడని ఓ మాట అనిపించు. ఇంకోటి, నాకో కొత్త రేకు తెచ్చియ్యి. దీనికి మల్లీ పసుపు పట్టేస్తంది.”

చేతిలో చెయ్యి వేశాను. ఆయన గుప్పెడు మిరియాలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. మూడింటికి పది నిమిషాలుందని ఆయన చేతి మీద నేనే చూసుకుని జీపు దగ్గరకు వెళ్లాను. సింహాద్రి నన్ను చూసి, “సూసినావా టైం?” అన్నాడు. చూశానన్నాను. “మరెంతైంది?” అన్నాడు. చెప్పాను. “అయితే బేగి ఎక్కు, నువ్వెక్కితే కదిలిపోద్ది.” ఈసారి నిజంగానే కదిలింది. అరకులో విశాఖ బస్సు దొరికింది. టికెట్టు రెండు వందల లోపే, నాలుగు గంటలపైన ప్రయాణం. బస్సులో కూర్చుని ఫోనులోనే ఎర్ర అక్షరాలు గీసి పంపాను. ఆర్ట్ డైరెక్టర్ గారికి తాత సంగతి రాస్తే, ‘మా కథలో తాత లేడు, కానీ ఇప్పుడు ఉన్నాడు’ అని జవాబిచ్చారు. తూకం మాట కూడా పెడతామన్నారు.

గ్రూపులో గడియారం ఫొటో పెట్టాను. తర్వాత పీఠాధిపతి గారి సందేశం వచ్చింది: ‘అంటే ఇలాంటిది ప్రపంచంలో ఒక్కటే ఉందన్నమాట. అరుదైనదని నేను మొదటే చెప్పాను.’ అందరం చప్పట్ల బొమ్మలు పెట్టాం.

అయితే ఆ రోజు నుంచి తెర మీద చెయ్యి కనిపిస్తే నేను వెంటనే బొమ్మను తిప్పడం లేదు. గడియారం కట్టుకున్నవాడి కోసమేనని మేం పెట్టుకున్న సిద్ధాంతంలో తప్పేమీ లేదు, లోకమంతా అలాగే కట్టుకుంటుంది. కొండ మీద ఒక్కడు మాత్రం ఎదటివాళ్ల కోసం కట్టుకున్నాడు. పోనీ వాళ్ల గోల తప్పించుకోవడానికే అనుకుందాం, అయినా సంత మొత్తానికీ జీపు అందుతోంది. సోమవారం డయళ్లు వచ్చాయి. ఒకటి సోమన్న కోసం పక్కన పెట్టాను. హుకుంపేటకు రెండో ప్రయాణం ఖాయమైంది, ఈసారి కిటికీలోంచి బయటకు చూస్తాను. మీరు వెళ్తే ఒక్కటే సలహా: సంత ఏ రోజో బయలుదేరే ముందే కనుక్కోండి, తిరుగు జీపులు మూడింటికల్లా వెళ్లిపోతాయని గుర్తుంచుకోండి. ఫోను చచ్చిపోతే ఎవర్నీ టైం అడగొద్దు. ఉప్పు కొట్టు పక్కకు వెళ్లి, తక్కెడ లేచేదాకా ఆగి, ఎదురుగా నిలబడండి.